ముందు వెనక్కి తిప్పి చూసే మనిషి

వరంగల్‌లో మాకు తెలిసిన బీమా ఏజెంటు ఏ కాగితమైనా ముందు వెనక్కి తిప్పి చూసేవాడు. ఎనభైల చివర, పిల్లల్ని కనాలనుకున్నప్పుడు, కొత్తగా వచ్చిన ఆరోగ్య బీమా కోసం ఆయన్ను పిలిచాం. ఫారం తిప్పి చిన్నక్షరాలు చదివి, మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు.

“దీంట్ల కాన్పు ఖర్చు రాదు బిడ్డా,” అని నాతో చెప్పి, కాజీపేట రైల్వేలో పనిచేసే మా ఆయన్ను దవాఖాన కార్డు తెమ్మన్నాడు. దాన్నీ తిప్పి చూశాడు; పెళ్లై రెండేళ్లైనా కార్డు వెనక ఇంటివాళ్ల పేర్లలో నా పేరు లేదు.

“రేపే రాయించు. రైల్వే దవాఖానల కాన్పుకు పైసా పడదు, ఇంక ఫికర్ లేదు.”

మరుసటేడు కాన్పు కష్టమై, రైల్వే దవాఖానలోనే ఆపరేషన్ చేసి ఇద్దరినీ బతికించారు.

మాకు ఒక్క పాలసీ కూడా అమ్మని ఆ మనిషి పాపను చూడ్డానికి వచ్చాడు. చేతుల్లోకి తీసుకుని, మెల్లగా తిప్పి, ముందుగా వీపు చూశాడు.

“అంతా మంచిగనే ఉన్నది, బిడ్డా.”