శత్రు సైనికుడి కొలతలు

తొంభైలలో మాకు యుద్ధం బాగా కలిసొచ్చింది. మాకు అంటే ఫిల్మ్‌నగర్‌లో సినిమా దుస్తుల మీద బతికేవాళ్లకు. సరిహద్దులో కాల్పులని పేపర్లో పడితే చాలు, నెల తిరక్కుండా ఏదో ఒక ఆఫీసు నుంచి పాకిస్తాన్ మేజర్ యూనిఫాం కావాలని కబురొచ్చేది. నేను కాస్ట్యూమ్ విభాగంలో అసిస్టెంటుని. కోస్తా నుంచి వచ్చి మధురానగర్‌లో అద్దె గదిలో ఉండేవాణ్ని. దేశభక్తి అంటే హీరో యూనిఫాం ఇస్త్రీ చెడకుండా చూడటమే అనుకునే వయసు.

కుట్టేది మాస్టరు గారు. బోరబండలో ఉండే ముస్లిం పెద్దమనిషి, ఆరడుగుల విగ్రహం, నాకంటే పాతికేళ్లు పెద్ద. ఆయన అక్క, ఆయన మాటల్లో ఆపా, పెళ్లయి కరాచీ వెళ్లిపోయింది. తనకు పదహారేళ్లప్పుడు నాంపల్లి స్టేషన్‌లో ఆమెను రైలెక్కించి చేయి ఊపడమే ఆఖరి చూపు. తల్లి పోయినప్పుడు ఆమెకు వీసా ఇవ్వలేదు. ఉత్తరాలు మాత్రం వచ్చేవి, ఎవరో విప్పి చదివి మళ్లీ అంటించినవి.

మా విలన్లు బొంబాయి నుంచి షూటింగు రోజునే దిగేవారు. కొలతలు ఫోన్లో చెప్పేవారు. అందుకని మాకో పద్ధతి ఉండేది. ఆ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి దుస్తులు తొడిగి, ఫోటోలు తీసి డైరెక్టరుకి చూపించాలి. ఆ సినిమాకి సరిపోయిన మనిషి మాస్టరే. టోపీ పెట్టుకుని, భుజాల మీద నక్షత్రాలు సరిచేసుకుని, మీసం దువ్వి నిలబడ్డారు. నేనే ఫోటో తీశాను.

“గీ ఫోటో నాకియ్యుండ్రి సార్,” అన్నారు. “ఇన్నేండ్లు అందరికీ కుట్టిన, నేనేసుకున్నది ఒక్కటి లేదు. మా ఆపాకు పంపిస్త. చూసి కడుపుబ్బ నవ్వుతది.”

రెండు కాపీలు వేయించి ఇచ్చాను. ఒకటి ఇంట్లో గోడకి, రెండోది కరాచీకి. పాకిస్తాన్ మేజర్ వేషంలో ఉన్న హైదరాబాదీ ఫోటోని పాకిస్తాన్‌కి పోస్టు చేయకూడదన్న ఇంగితం మా ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది. మాకది బట్ట. చంకలో బిగుతైందా, చేతులు పొడుగయ్యాయా, అంతే.

ఆ ఎండాకాలం ఆపాకు కిడ్నీలు చెడిపోయాయని ఉత్తరం వచ్చింది. కళ్లు మూసేలోగా ఒక్కసారి వచ్చిపోరా అని రాసింది. మాస్టరు పాస్‌పోర్టుకి అర్జీ పెట్టారు. విచారణకి ఇంటికొచ్చిన పోలీసు చాయ్ తాగుతూ గోడ వైపు చూశాడట.

“గిదేంది?”

“సినిమాది సాబ్.”

“గట్లనా. అయితే కంపెనీ నుంచి కాగితం తే. ఫోటో తీసినోణ్ని ఠాణాకు తీస్కరా.”

మాస్టరు ఈ సంగతి చెప్పగానే నేను మా ప్రొడక్షన్ మేనేజర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన తల కూడా ఎత్తలేదు. “ఏంటయ్యా, మన లెటర్‌హెడ్ మీద పాకిస్తాన్ పేరు రాసి సంతకం పెట్టమంటావా? ఇంకా సెన్సార్ కావాల్సిన సినిమా. నీకెందుకివన్నీ?”

పోనీ, కాగితం లేకపోతే నేనున్నాను కదా. స్టేషనుకి వెళ్లి, తీసింది నేనేనండీ అని ఒక్క ముక్క చెప్పాలి. చెప్పలేదు. భయమేసింది. నా పేరు కూడా ఆ ఫైల్లో ఎక్కుతుందని భయం. సోమవారం వెళ్దాం మాస్టరు గారూ, షెడ్యూలు అయిపోనివ్వండి అంటూ మీనమేషాలు లెక్కపెట్టాను. ఆయన ప్రతిసారీ సరే సార్ అనేవారు. ఆ ‘సరే’ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పాస్‌పోర్టు కదల్లేదు. ఈలోగా కరాచీ నుంచి ఇంకో ఉత్తరం. రెండో ఫోటో అక్కడి పోలీసుల చేతిలో పడింది. మా సైన్యం దుస్తులు ఇండియాలో మీ మామకెలా వచ్చాయి, ఎవరు పంపారు అని ఆపా కొడుకుని నాలుగు రోజులు కూర్చోబెట్టి అడిగారట. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఊడింది. మాస్టరు ఇక్కడివాళ్లకు అక్కడి మనిషి, అక్కడివాళ్లకు ఇక్కడి మనిషి. ఆ రెండు ప్రభుత్వాలూ ఒక విషయంలో ఒకేలా ఆలోచించడం నేను చూసింది అదొక్కసారే. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్లు అంటారు. అప్పుడు ఆబోతులు పోట్లాడుకోను కూడా లేదు, కొమ్ములు చూపించుకుంటూ నిలబడ్డాయంతే.

సినిమా విడుదలైంది. హీరో ఆ యూనిఫాం మీది నక్షత్రాలు పీకి పారేస్తుంటే హాలంతా ఈలలు. నా పక్కనున్నాయన సీట్లోంచి లేచి చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. అందరూ కొడుతుంటే మానేసే ధైర్యం కూడా లేదు నాకు.

వర్షాలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మాస్టరు మిషను ముందు కూర్చుని కవరు చింపారు. ఉర్దూలో ఉంది. చదివి, మడిచి, నాకు తెలుగులో చెప్పారు.

“ఆపా పోయిందంట. పిలగాడు రాసిండు. మామూ, ఇంకెన్నడూ ఖత్ రాయకు, మాకూ పిల్లలున్నరు, మమ్ముల బతకనియ్యి అన్నడు.”

నోటికొచ్చింది అనేశాను. “రేపు స్టేషనుకి వెళ్దాం మాస్టరు గారూ. నేను చెప్తాను.”

ఆయన కోపంగా కూడా చూడలేదు. చూస్తే బాగుండేది.

“ఇప్పుడెందుకు సార్,” అని, మెడలో టేపు సరిచేసుకుని, కొత్త సినిమా విలన్ కొలతల కాగితం అడిగారు. మళ్లీ పాకిస్తాన్ మేజరే.

ఇచ్చాను.