డాప్లర్ చెప్పని సంగతి

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. విశాఖలో ఒక ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ వార్డులో నేను సీనియర్ నర్సుని. జాలరిపేట నుంచి అప్పన్న అనే బోటు మనిషిని తెచ్చారు. వలలు లాగే వించి యంత్రం తాడు కాలికి చుట్టుకుని మోకాలి కింద ఎముక బయటపడింది. డాక్టరుగారు అతని తొడ నుంచి చర్మం తీసి అక్కడ అమర్చి, సన్నటి రక్తనాళాలను మైక్రోస్కోప్ కింద కలిపి కుట్టారు. అలా అతికించినదాన్ని ఫ్లాప్ అంటాం. దాంట్లోకి నెత్తురు రావాలి, వచ్చింది వెనక్కి పోవాలి. ఏది ఆగినా కొన్ని గంటల్లో ఫ్లాప్ చచ్చిపోతుంది. అప్పుడు కాలే తీసేయాల్సి రావచ్చు.

గంటగంటకీ చూడడం నా పని. డాప్లర్ అనే చిన్న పరికరాన్ని చర్మానికి ఆనిస్తే లోపల పారే నెత్తురు చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడంటే నాకు మహా గురి. రంగు చూడడం, వేలితో నొక్కి చూడడం కూడా చార్టులో ఉన్నాయి గానీ, చప్పుడు బాగుంటే ఆ గడుల్లో టిక్కులు వాటంతటవే పడిపోయేవి. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

రెండోరోజు మధ్యాహ్నం అలాగే చూసొచ్చి కూర్చున్నానో లేదో, అప్పన్న భార్య పోలమ్మ వచ్చింది. ఏళ్ల తరబడి చేపలమ్మిన మనిషి. ఫ్లాప్ బాగోలేదు, ఇంకోసారి చూడమంది. ఇప్పుడేగా చూశాను, చప్పుడు బ్రహ్మాండంగా ఉందని కసిరాను. ఆవిడ కదల్లేదు.

"సప్పుడు సంగతి నాకు తెల్దమ్మా. పొద్దున్న డాట్రుబాబు నొక్కితే తెల్లబడి, నిదానంగా రంగొచ్చింది. ఇప్పుడు నాను నొక్కితే ఏలు తీసీసరికే నల్లగా వచ్చెత్తంది. పాడయ్యే సేపని ఏలెట్టి సెప్పెత్తాను నాను."

ముట్టుకున్నందుకు తిట్టబోయి, ఎందుకో లేచి వెళ్లాను. నొక్కాను. వేలు తీసేలోపే నల్లగా కమ్ముకొచ్చింది. నెత్తురు తెచ్చే ధమని పనిచేస్తోంది, అందుకే చప్పుడు. తీసుకుపోయే సిర మూసుకుపోయింది. వచ్చిన నెత్తురంతా లోపలే నిలిచిపోతోంది.

ఫోన్ చేస్తే డాక్టరుగారు ఓపీ వదిలేసి పరుగున వచ్చారు. స్ట్రెచర్ నేనే తోశాను. సిరలో గడ్డకట్టిన నెత్తురు తీసి మళ్లీ కుట్టారు. సాయంత్రం నొక్కి చూస్తే తెల్లబడింది, ఒకటి, రెండు లెక్కపెట్టేసరికి మెల్లగా గులాబీ రంగు తిరిగొచ్చింది. వార్డులో గంతులేయాలన్నంత ఆనందం!

"భలే పట్టావు సిస్టర్" అన్నారు డాక్టరుగారు.

"పట్టింది ఆవిడ సార్. నేను నొక్కకుండానే టిక్కు పెట్టాను."

ఆయన చార్టు నా చేతికిచ్చి వెళ్లిపోయారు. ఆరోజు నుంచి నా వేలు ముందు, డాప్లర్ తర్వాత. బయట బెంచీమీద ఉన్న పోలమ్మ దగ్గరికెళ్లి, కసిరినందుకు ఏమీ అనుకోవద్దన్నాను.

"కసిరితే ఏటమ్మా," అంది. "లేచొచ్చి సూసేవు కదా."