గుండీల డబ్బాలో అరవై ఒక్క మాత్రలు

ఆవిడ అసలు పేరు ఆసుపత్రి హాజరు పట్టీలో ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. అందరికీ ఆవిడ మాత్రలక్క. రొమ్ము క్యాన్సర్ ముదిరి ఎముకలకో కాలేయానికో పాకిన ఆడవాళ్ళకు రెండు మందులు కలిపి ఇచ్చి చూసే విభాగంలో పదహారేళ్ళుగా నర్సు. అక్కడ పనిచేయడానికి గుండె రాయై ఉండాలంటారు. ఉత్త మాట. రాయైతే ఆ గదిలో ఒక్క పూట కూడా పనికిరాదు.

ఆ ఏడాది వాళ్ళు చూస్తున్న జంటలో ఒకటి ఎన్నో ఏళ్ళుగా వాడుకలో ఉన్న మాత్ర, రెండోది కొత్త ఇంజెక్షన్. విడివిడిగా రెండూ బుద్ధిమంతులే. ఒకే ఒంట్లో కాపురం పెడితే ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు. అందుకని ముగ్గురికి ఒక డోసు ఇస్తారు. మూడేసి వారాల విడతలు రెండు గడిచాక, ముగ్గురూ తట్టుకుంటే తర్వాతి ముగ్గురికి కాస్త పెంచుతారు. తట్టుకోలేకపోతే అక్కడితో ఆపుతారు. ముందు వచ్చినవాళ్ళ ఒళ్ళు చెప్పిన సాక్ష్యం మీదే వెనక వచ్చేవాళ్ళ ప్రాణం నడుస్తుందన్నమాట.

మాత్రలక్క పనుల్లో ముఖ్యమైనది, ఇళ్ళకిచ్చిన సీసాలు తిరిగొచ్చినప్పుడు మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం. సీసాకి తొంభై. రెండు వారాలపాటు పొద్దున మూడు, సాయంత్రం మూడు, ఆపైన వారం విరామం. ఎనభై నాలుగు కడుపులోకి పోతే ఆరు సీసాలో మిగలాలి. నీలం రంగు పళ్ళెంలో పోసి, పలచటి గరిటెతో ఐదేసి చొప్పున పక్కకి జరుపుతూ లెక్కపెట్టేది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే కసిరేది.

ఆవిడ లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. ఆవిడ దగ్గర మందు తీసుకునే ఆడవాళ్ళ లెక్క కూడా తప్పేది కాదు. ఎందుకంటే మొదటి రోజే ప్రతి మనిషినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పేది. "ఒక్క మాత్ర తప్పినా ట్రయల్లోంచి నీ పేరు కొట్టేస్తారు తల్లీ. తర్వాత నన్నని లాభం లేదు." అలాంటి నియమం ఏదీ లేదు. ఒళ్ళు బాగాలేకపోతే మాత్ర ఆపి ఫోను చేయమని, డోసు తగ్గిస్తారని కాగితాల్లో స్పష్టంగా ఉంది. అది కూడా చెప్పేది పాపం, కానీ భయపెట్టాక చెప్పిన మాట ఎవరి చెవికెక్కుతుంది? అన్నం తినని పిల్లకి బూచాడొస్తాడని చెప్పినట్టు, వాళ్ళ మంచికేనని చెప్పేది. మంచికని చెప్పిన అబద్ధం ఎంత మంచి చేస్తుందో మనందరికీ తెలిసిందే.

ఆ డోసులో మూడో మనిషి టైలరమ్మ. బస్టాండు వెనక సందులో ఒక్క గది కొట్టు, ఒక మిషను, గోడ నిండా వేలాడే జాకెట్లు. నలభై మూడేళ్ళు. క్యాన్సర్ వెన్నెముకకి పాకింది. మనిషి మాత్రం నవ్వుతూనే ఉండేది. "అక్కా, మీ యూనిఫాం భుజం దగ్గర లాగుతోంది, విప్పి ఇవ్వండి సరిచేస్తా" అని రక్తం తీయించుకుంటూ కూడా బేరం పెట్టేది.

రెండు విడతలు అయ్యాయి. రెండు సీసాల్లోనూ ఆరేసి మాత్రలు, వేసుకున్న ప్రతి మాత్రకీ ఇంట్లో టిక్కు పెట్టుకునే డైరీలో అన్ని గళ్ళూ నిండి ఉన్నాయి. స్కాన్‌లో గడ్డలు తగ్గాయి. పెద్ద డాక్టరుగారు పట్టరాని సంతోషంతో ఆ చిత్రాలు అందరికీ చూపించింది. మిగతా ఇద్దరికీ అరచేతులు ఎర్రబడ్డాయి, ఈ మందుకి అది మామూలే. టైలరమ్మకి అదీ లేదు. "ఈవిడ ఒళ్ళు బంగారం. సోమవారం తర్వాతి ముగ్గురికీ డోసు పెంచుదాం" అంది డాక్టరు.

ఆ శుక్రవారమే బీపీ చూడటానికి మాత్రలక్క టైలరమ్మ చెయ్యి పట్టుకుంది. ఏదో తేడాగా తోచింది గానీ, అదేమిటో అందలేదు. ఇంటికెళ్ళి కూర్చున్నా ఆ చెయ్యే కళ్ళముందు. బస్సు కండక్టరైన మొగుడికి చెప్పింది.

"లెక్క సరిపోయింది కదా, ఇంకేంటి నీ బాధ?" అన్నాడాయన.

"లెక్క సరిపోయిందనే బాధ."

"టికెట్ లేనివాణ్ణి నేను చేతిలో కాగితం చూసి పట్టుకోను. మొహం చూసి పట్టుకుంటా. నువ్వు సీసాలు చూసీ చూసీ మనుషుల్ని చూడ్డం మానేశావు."

మొగుడి మాట సూదిలా దిగింది. అప్పుడు తట్టింది. మొదటి రోజు టైలరమ్మ మధ్యవేలి కొసన సూది నొక్కీ నొక్కీ కాసిన కాయ ఉంది, చింతగింజంత గట్టిగా. ఆక్సిజన్ చూడటానికి వేలికి పెట్టిన క్లిప్పు సరిగ్గా పట్టక ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఇవాళ ఆ వేలు పసిపిల్ల వేలులా నున్నగా, గులాబీ రంగులో ఉంది. పాతికేళ్ళ కాయ ఊరికే ఊడిపోదు. చర్మం పగిలి, పొరలు పొరలుగా లేచిపోయి, కొత్తది వచ్చి ఉండాలి. మాత్రలు వేసుకుంటూ ఉంటే ఇంత త్వరగా కొత్త చర్మం రాదు.

శనివారం పొద్దున్నే కొట్టుకి వెళ్ళింది. చల్లకొచ్చి ముంత దాచడం ఆవిడకి చేతకాదు. స్టూలు లాక్కుని కూర్చుని, "వేళ్ళు ఎప్పుడు పగిలాయి?" అంది.

టైలరమ్మ మిషను ఆపింది. చాలాసేపు గుడ్డ అంచు సవరించింది. తర్వాత అరలోంచి గుండీల డబ్బా తీసి బల్లమీద బోర్లించింది. తెల్లవి, నల్లవి, పచ్చవి గుండీల మధ్య లేత నారింజ రంగు మాత్రలు.

"పారేయడానికి చేతులు రాలేదక్కా. మందు కదా" అంది.

మాత్రలక్క గుండీలు ఒకవైపు, మాత్రలు ఒకవైపు ఏరింది. నూట అరవై ఎనిమిదిలో అరవై ఒకటి ఇక్కడే ఉన్నాయి. ప్రతి విడతలోనూ రెండో వారంలో రెండు రోజులు గడిచేసరికి వేళ్ళు నెత్తుర్లు కారేవట, సూది పట్టుకోవడం కాదు కదా గ్లాసు కూడా పట్టుకోలేకపోయేదట. మాత్రలు మానేస్తే విరామం వారం కూడా కలిసొచ్చి, ఆసుపత్రికి వచ్చే రోజుకి మానిపోయేవి. సరిగ్గా ఆ బాధ కోసమే డాక్టర్లు కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తున్నారు. ఆ బాధ కనిపిస్తే డోసు పెంచకూడదు. సోమవారం ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు అంతకన్నా ఎక్కువ మింగబోతున్నారు.

"ఫోను చేస్తే ఏం పోయేదే?"

"పేరు కొట్టేస్తారన్నారుగా మీరు" అంది టైలరమ్మ. నిష్ఠూరం లేదు గొంతులో, అది ఇంకా ఘోరం. "ఈ సంగతి ఆసుపత్రి కాగితాల్లో రాయకండక్కా. గడ్డ తగ్గిందన్నారు. నాకింకా బతకాలని ఉంది. ఎందుకంటే చెప్పడానికి కారణమేం లేదు, ఊరికే బతకాలని ఉంది. ఇకనుంచి అన్నీ మింగేస్తా, వేళ్ళు తెగి పడినా సరే."

మాత్రలక్క రెండువైపులా లెక్క వేసింది. రాయకపోతే ముగ్గురు కొత్తవాళ్ళ చేతులే కాదు, పేగులు కూడా పుళ్ళు పడొచ్చు. రాస్తే ఈ మనిషిని ఉంచుతారో తీసేస్తారో తన చేతిలో లేదు. నిజంగా పేరు కొట్టేస్తే, తను ఉత్తినే అన్న మాట నిజమై కూర్చుంటుంది.

"రాస్తాను తల్లీ. నిన్ను ఉంచమని కూడా అడుగుతాను. ఉంచుతారని మాత్రం మాటివ్వలేను" అంది. టైలరమ్మ మొహం తిప్పుకుంది.

అదే మధ్యాహ్నం పెద్ద డాక్టరుగారి బల్లమీద రెండు పేజీలు పెట్టింది. మొదటి పేజీ చదివి డాక్టరు తల పట్టుకుంది. "దీనిమీద మీ గురించి కూడా అడుగుతారు సిస్టర్."

"అదంతా రెండో పేజీలో నేనే రాశాను, చూడండి."

రెండో పేజీ చదివి డాక్టరు అడిగిన ప్రశ్న ఒక్కటే. "పేరు కొట్టేస్తారన్న ఈ మాట ఇంకా ఎంతమందికి చెప్పారు?"

"నా దగ్గరికొచ్చిన అందరికీ."

ఇక్కడే నాకు ఆవిడంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఎవరూ చెప్పకముందే పేర్ల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఆ ట్రయల్లో ఉన్న ఇరవై ముగ్గురికీ ఒక్కొక్కరికీ ఫోను. "నేను మాత్రలక్కని. మాత్ర తప్పితే పేరు కొట్టేస్తారని మీకు అబద్ధం చెప్పాను. తప్పు నాది. ఇప్పుడు నిజం చెప్పండి, మీకేం కాదు." కొందరు ఏడ్చారు. ఒకావిడ నోటికొచ్చినట్టు తిట్టింది, ఈవిడ ఫోను పెట్టకుండా విని, మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. తొమ్మిదిమంది ఏదో ఒకటి దాచారని తేలింది. పదహారేళ్ళ పేరు ఒక్క మధ్యాహ్నంలో తన చేత్తోనే తుడిచేసుకుంది. మనలో ఎంతమందిమి చేస్తాం చెప్పండి?

సోమవారం డోసు పెంచలేదు. మాత్రలు లెక్కపెట్టే పని విచారణ అయ్యేదాకా వేరే నర్సుకి ఇచ్చారు. టైలరమ్మ సంగతి తేల్చే కమిటీ గురువారం కూర్చుంది. ఈవిడ వెళ్ళి, పిలవకపోయినా తలుపు దగ్గర నిలబడి, చెప్పాల్సింది చెప్పి వచ్చింది.

ఆ సాయంత్రం మళ్ళీ కొట్టుకి వెళ్ళేసరికి టైలరమ్మ దారం తెంపుతోంది. తల ఎత్తకుండానే, "కొట్టేశారా?" అంది.

"లేదు. ఉంచారు. పూటకి మూడు కాదు, రెండు మాత్రలు. నువ్వు వేసుకున్నది కూడా సుమారుగా అంతేనట, గడ్డ తగ్గింది ఆ మోతాదుకే. వేళ్ళు పగిలితే ఆపి ఫోను చెయ్యి. పేరు ఎవరూ కొట్టేయరు."

టైలరమ్మ ఆవిడ మొహంలోకి కన్నార్పకుండా చూసింది. "అప్పుడు నా మంచికని భయపెట్టారు. ఇప్పుడు నా మంచికని ధైర్యం చెబుతున్నారా?"

ఆ మాట పడాల్సిందే, పడింది. మాత్రలక్క సంజాయిషీ చెప్పుకోలేదు. సంచిలోంచి కమిటీ సంతకాలున్న కాగితం తీసి మిషను మీద పెట్టింది. టైలరమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కింద ఆ కొత్త చర్మం వేలు జరుపుతూ మొదలుపెట్టింది. తెలియని మాట దగ్గర ఆగి అర్థం అడిగింది. చివరిదాకా చదివి, నమ్మకం కుదరక మళ్ళీ మొదటి వరుసకి వెళ్ళింది. మాత్రలక్క కూర్చోలేదు, తొందర పెట్టలేదు. ఆమె రెండోసారి కూడా పూర్తిగా చదివేదాకా అలాగే నిలబడింది.