దబ్బనంతో పొడిచిన అక్షరాలు

లతను పరీక్ష రాయనివ్వలేదు. రాసి తప్పితే అది వేరే మాట, నేను నోరు మూసుకునేవాణ్ణి. రాయనివ్వనే లేదు. పదో తరగతి మెమో లేదని, జహనుమా వైపు కొత్తగా వెలిసిన కంప్యూటర్ శిక్షణ కేంద్రం వాళ్ళు ఆమె దరఖాస్తును చేత్తో ముట్టుకోకుండానే తిప్పి పంపారు. ఆ కేంద్రం గేటు మీద నిలువెత్తు అక్షరాలతో బోర్డు ఉంది: అన్ని వర్గాల వారికి ఉన్నత కంప్యూటర్ విద్య.

లత మా గౌలిపుర గల్లీలో పాలవాళ్ళింటి కోడలు. తొమ్మిదో తరగతితో బడి ఆగిపోయింది. నయాపూల్ కోర్టు దగ్గర ముప్పై ఏళ్ళు అర్జీలు టైపు కొట్టి, ముసలితనంలో పుస్తకాలు ముందేసుకుని కంప్యూటర్ నేర్చుకున్న నేను, నాకొచ్చిన నాలుగు ముక్కలూ ఆమెకు చెప్పాను. ఆమె నన్ను దాటిపోయింది. పాలు తగ్గిన తీరును బట్టి ఏ బర్రెకు జబ్బు రాబోతోందో ముందే చెప్పే ప్రోగ్రామొకటి రాసింది. అది నా పాత కంప్యూటర్ డబ్బాలో నడవాలంటే పొద్దుటి నుంచి మాపటిదాకా పడుతుంది. వంద కంప్యూటర్లను ఒక్కటిగా కట్టి ఒకే పనిని పంచి చేయించే విద్య ఆ కేంద్రంలో నేర్పుతారని తెలిసి, ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను.

"పెద్దాయనా, మెమో ఉంటే చూపెట్టు, లేకుంటే జర జరుగు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

"పోనీయ్ తాతా, లొల్లి వద్దు" అంది లత. "బర్రెలకు కుడితి పెట్టే టైమైతంది."

అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది. చల్లగాలితో పాటు, ఇంకా విప్పని అట్టపెట్టెల వాసన, వేడెక్కిన యంత్రం వాసన కలిసి ముక్కుకు తగిలాయి. అరవై ఏళ్ళ వెనక్కి పోయి గ్రేసక్క అరుగు మీద కూలబడ్డాను.

గ్రేసక్క మా ఇంటి వెనక సందులో అద్దెకుండేది. ఏదో ప్రభుత్వ కార్యాలయంలో కార్డులకు చిల్లులు పొడిచే యంత్రం మీద ఆమె ఉద్యోగం. అప్పట్లో లెక్కల యంత్రాలు కాగితం చదివేవి కావు, చిల్లులు చదివేవి. తప్పు చిల్లు పడిన కార్డులను పారేస్తుంటే అడిగి తెచ్చుకునేది. సైకిల్ రిక్షా దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆమె సంచీ విప్పుతుంటే, గంజి పెట్టిన బట్టలా పెళుసుగా, ఒక మూల కోసేసి ఉన్న ఆ లేత పసుపు కార్డుల నుంచి అట్ట వాసనా యంత్రాల నూనె వాసనా గుప్పుమనేవి. మా సందులో మామూలుగా ఉండేవి పేడ వాసన, నానబెట్టిన తవుడు వాసన, వానాకాలమైతే తడిసిన గడ్డి వాసన, రంజాన్ నెలలో ఎదురింటి నుంచి వేగుతున్న ఉల్లిగడ్డ వాసన. వాటన్నిటి మధ్య ఆ వాసన వేరే లోకం నుంచి వచ్చినట్టుండేది.

బర్రె కుమ్మి మా బాపు కాలు విరిగినందుకు నేను నాలుగో తరగతిలో బడి మానేసి పాలక్యాన్లు మోస్తున్నాను. ఇంగ్లీషు ఏబీసీలు నేను ముందుగా అక్షరాలుగా నేర్చుకోలేదు, చిల్లులుగా నేర్చుకున్నాను. పైన ఒక చిల్లు, కింద ఒక చిల్లు, రెండూ కలిస్తే ఒక అక్షరం. గోనెసంచులు కుట్టే దబ్బనంతో పొడిచి, కార్డును ఎండకు ఎత్తిపట్టి చదివేవాళ్ళం. గోటీలు, చిర్రగోనె ఆటలు అటకెక్కాయి. ఎవణ్ణైనా తిట్టాలంటే చిల్లులు పొడిచి పంపడమే.

"ఏంది బిడ్డా, చిల్లుల కాయితం సదివితే పాలు పొంగుతయా?" అని మా అమ్మ సాధించేది. కానీ బోనాల పండుగనాడు బెల్లమన్నం వండితే మొదటి గిన్నె గ్రేసక్కకే పంపేది. క్రిస్మస్‌కు గ్రేసక్క ఇంటి నుంచి గులాబీపూల ఆకారంలో వేయించిన తీపి బిళ్ళలు గల్లీ మొత్తానికీ వచ్చేవి. అవి నోట్లో పెట్టుకుంటే ఫెళ్ళున విరిగేవి. ఆ నూనె వేళ్ళతోనే కార్డులు పట్టుకుని తిట్లు తినేవాళ్ళం.

అరుగు మీద ఒకటే కట్టుబాటు. "తప్పు పట్టినోడే పక్కన కూసోని సరి చేయించాలె. పట్టి నవ్వుడు కాదు" అనేది గ్రేసక్క. చిల్లు పడిందంటే పూడదు గనక, తప్పు ఉన్న దాకా కొత్త కార్డు మీదికి ఎక్కించి అక్కడి నుంచి ముందుకు పోవాలి. ఇద్దరూ కలిసి ఎక్కించాలి. అట్లా గొల్లలం, ఎదురింటి జమీలా తమ్ముళ్ళు, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ పిల్లలు, అందరం ఒకరి పక్కన ఒకరం కూర్చోక తప్పేది కాదు.

జమీలా మాత్రం అరుగు మీదికి రాకూడదు. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఎదురింటి గోనె పరదా వెనకే ఉండేది. కార్డులు పరదా కింద నుంచి లోపలికి పోయేవి, తప్పులున్న చోట పెన్సిల్ గీతతో వెనక్కి వచ్చేవి. నావే ఎక్కువ వచ్చేవి.

ఒక ఏడు సదర్ పండుగకు ముందు, గల్లీలోని ప్రతి మనిషికీ ఒక కార్డు చొప్పున, పేరూ ఇల్లూ పొడిచి, మూడు వందల దాకా కార్డులను ఏబీసీల వరసలో బిస్కెట్ల డబ్బాలో పేర్చాం. గ్రేసక్క వాటిని కార్యాలయంలో పెద్దసారుకు చూపిస్తానంది. దీపావళి పోయిన రెండో రోజు సదర్. దున్నపోతులకు ఒళ్ళంతా నూనె రాసి, కొమ్ములకు రంగులు పూసి, గవ్వల దండలు వేసి తిప్పుతున్నారు. డప్పుల మోతకు గోడలు అదురుతున్నాయి. ఎవడో టపాకాయ పేల్చాడు. మా మేనమామ దున్నపోతు బెదిరి నేరుగా అరుగు మీదికి వచ్చింది. డబ్బా ఎగిరిపడింది. కార్డులన్నీ బంతిపూలలో, పేడలో, మురుగు మోరీ అంచున చెల్లాచెదురయ్యాయి.

గ్రేసక్క డ్యూటీ నుంచి వచ్చేలోపు సర్దాలి. నేనే పెద్దరికం తీసుకుని అన్నీ ఒళ్ళో పోసుకుని ఒక్కొక్కటే వరసపెట్టసాగాను. గంట గడిచినా ఇరవై కాలేదు. పరదా వెనక నుంచి జమీలా గొంతు వచ్చింది.

"అరే పాగల్! అన్నీ నువ్వొక్కనివే ఏరితే ఎట్ల? ఏ వాలే ఒక తరఫ్, బీ వాలే ఒక తరఫ్ కుప్పలు పొయ్యి. మనిషికో కుప్ప పంచు. ఎవరి కుప్ప వాళ్ళు సర్దుకోని ఆఖర్ల కలుపుండ్రి."

పంచాం. గోడ నీడ మా అరుగు దాటకముందే పనైపోయింది. గ్రేసక్క వచ్చి, పేడ మరకల కార్డులను తిరగేసి, "గిట్ల చెయ్యమని ఎవలు చెప్పిండ్రు?" అంది. అందరం పరదా వైపు చూపించాం. ఆమె గల్లీ దాటి, చెప్పులు విడిచి, పరదా ఎత్తి లోపలికి పోయి కూర్చుంది.

తన కార్యాలయంలో ఉద్యోగానికి పంపమని జమీలా వాళ్ళ అమ్మను ఒప్పించడానికి గ్రేసక్కకు రెండు రంజాన్లు పట్టింది. ఒప్పించింది. ఆపరేటర్ల పరీక్షకు బుర్ఖాలో ఉన్న జమీలాను రిక్షాలో వెంటబెట్టుకుని పోయింది. నేను వెనకాల పరిగెత్తాను. మెట్రిక్ లేదు గనక పరీక్షకు కూర్చోనివ్వం అన్నాడు గుమాస్తా. జమీలా పొడిచిన కార్డు చేతికిచ్చి చూడమంది గ్రేసక్క. చూడలేదు. "జానేదో అక్కా" అంది జమీలా. గ్రేసక్క అర్జీ రాసింది. దానికి జవాబు రాలేదు. నేను అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను, ఒక్క మాటా మాట్లాడలేదు. ఈ వయసులో నాకింత కోపమెందుకని మా ఇంట్లోవాళ్ళు అడుగుతుంటారు. ఆనాటి మౌనానికి వడ్డీ అది.

గ్రేసక్క అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. గోనె పరదాలు పోయి ఇనుప షట్టర్లు వచ్చాయి. గౌలిపురలో బర్రెలున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జమీలా పెళ్ళయి వెళ్ళిపోయి, ఆమధ్యే కన్నుమూసింది. మూడు వందల పేర్లను గంటలో వరసపెట్టించిన మనిషని ఆమె మనవళ్ళకు తెలియదు. చెబితే నవ్వారు. ఆమె పరదా వెనక నుంచి చెప్పిన ఆ పద్ధతినే ఇప్పుడు ఆ కేంద్రంలో పెద్ద చదువని నేర్పుతున్నారు. నేర్చుకునేవాళ్ళను మాత్రం మళ్ళీ ఆ పాత గుమాస్తా లాగే ఏరుతున్నారు.

ఈసారి నేను గోడకు ఆనుకోలేదు. ఆ కేంద్రం అధిపతికి ఉత్తరం రాశాను. లతకు సీటు ఇవ్వమని కాదు, మెమో అడగకుండా అందరికీ పరీక్ష పెట్టమని. జవాబు లేదు. ఇంకొకటి రాశాను. మూడోది రాశాను. "ఊకో తాతా, ఇజ్జత్ పోతది" అంది లత. నాలుగోది చేత్తో పట్టుకుపోయి వాళ్ళ పెట్టెలో వేసి వచ్చాను. నిన్న పోస్ట్‌మ్యాన్ తెచ్చిన కవరులో ఇది ఉంది:

"అయ్యా, మీ నాలుగు ఉత్తరాలూ చదివాను. మొదటి మూడూ ఫైల్లో పెట్టించి ఊరుకున్నందుకు మన్నించండి. పదో తరగతి నిబంధన రాసింది నేనే. దరఖాస్తులను తగ్గించుకోవడానికి అది సులువని రాశాను. ఎవరు రాలిపోతారో ఆలోచించలేదు. ఇకమీదట పరీక్ష రాయడానికి ఏ మెమో అక్కర్లేదు. వచ్చే సోమవారం పది గంటలకు లత గారిని పంపండి. సీటు మాత్రం మార్కులను బట్టే, అందులో నేను ఎవరికీ సాయం చేయను. ఆమె తప్పితే దయచేసి నాకు ఐదో ఉత్తరం రాయకండి."