రత్న చెప్పని ఊరు

అరకులో ఆ హోటల్ గేటుకు ఎదురుగా మొక్కజొన్న పొత్తులు కాల్చే రత్న, ఎవరు దారి అడిగినా ముందు వాళ్ల కాళ్లకేసి చూస్తుంది. బూట్లుంటే నోరు మెదపదు. అడిగినవాడి ముఖాన పొగ కొట్టేలా విసనకర్ర ఇంకాస్త గట్టిగా విసురుతుంది. కొన్నేళ్ల కిందట బూట్లేసుకున్న ఇద్దరు కొండవాలుకు దారెటని అడిగితే నవ్వుతూ చూపించింది. ఆ వాలు మీదే ఈ హోటల్ లేచింది. మొన్న గేటు పక్కన కొత్త బోర్డు పెట్టారు. రైల్వే స్టేషన్, బస్టాండ్, బొర్రా గుహలు, అన్నిటికంటే కింద 'కాలినడక దూరంలో గిరిజన గ్రామం'. అది తమ ఊరేనని హోటల్లో ఊడ్చే సోని చదివి చెప్పినప్పటినుంచి రత్నకు చెప్పులవాళ్ల మీద కూడా నమ్మకం పోయింది.

ఆ సాయంత్రం హోటల్ గది ఖాళీ చేసి వచ్చిన ఒక జంట పొత్తులు కొనుక్కున్నారు. "మీది ఏ ఊరమ్మా?" అని అడిగింది భార్య.

"బొర్రా అవతల," అంది రత్న, నిప్పుల మీంచి చూపు తిప్పకుండా.

బుట్ట సర్దుకుని లేచేసరికి వాళ్ల కారు పక్కనే ఆగింది. "మేమూ అటే వైజాగ్ వెళ్తున్నాం. రండి, దింపేస్తాం."

"నాకేటమ్మా, నడిసెల్లిపోతాను."

"బొర్రా దాకానా!" ఆ అమ్మాయి దిగి బుట్ట అందుకుంది.

రత్న ఎక్కింది. ఇంకేం చేస్తుంది? తన ఊరి మలుపు, దాని వెనక ఇంటి పొయ్యి పొగ అద్దంలోంచి వెనక్కి పోయాయి.

"ఇక్కడేనా?" అని మలుపు మలుపుకీ అడుగుతున్నారు వాళ్లు.

"ఇంకా ముందరే," అంటూనే ఉంది రత్న.