కమీల్ చంకలోని గొట్టం

గోడెలీవ్ ఆకురాయితో చీలికల అంచులు రుద్దుతోంది. బల్ల మీది వైసు దవడల్లో బిగించిన కొత్త ఉక్కు గొట్టానికి నిలువునా వేలెడేసి చీలికలు. ఒకదాన్ని రుద్దడం, బొటనవేలితో తడమడం, మళ్లీ రుద్దడం. వయసు అరవై నాలుగు. ఆ బుధవారం పొద్దున మాత్రం ఆమె చేతులు కాఫీ తాగడానికి కూడా ఆగలేదు.

మా ఊరు ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గర్లోని పోపరింగె పట్నం పక్కన. ఇక్కడి అవిసె నార మిల్లులో ఆమె ముప్పయ్యేళ్లు యంత్రాలు బాగుచేసింది. ఎవరూ నేర్పలేదు, విప్పి చూసి నేర్చుకుంది. ఇంటి వెనక షెడ్డులో మొదటి ప్రపంచయుద్ధపు విమానాల మెషిన్ గన్నులు నాలుగున్నాయి, అన్నీ పేలకుండా చేసి సర్కారు అనుమతి కాగితాలు పుట్టించినవే. ఐదోది జర్మన్‌ది, కాలువ తవ్వకంలో బంకమట్టిలో దొరికింది. పదకొండేళ్లు తుప్పు గీకి, పోయిన ముక్కలు వెతికి కూర్చింది. దొరకనిది తుపాకీ గొట్టం చుట్టూ ఉండే పై తొడుగొక్కటే; కొత్తది చేసుకోగలదు గాని ఆమెకు ఆ కాలపుదే కావాలి. విమానం మీద తుపాకీని గాలే చల్లబరచాలి కనుక దాని తొడుగు నిండా చీలికలుంటాయి. అది లేక ఆ తుపాకీ తోలు ఒలిచిన కుందేలులా బల్ల మీద పడి ఉంది.

పోయిన నెల సైకిలు మీద వెళుతూ ఆ తొడుగును చూసి ఆమె కంచెకు గుద్దుకుంది. పందెం పావురాలు పెంచే కమీల్ ఇంట్లో, గూటి వాకిలి ముందు, పిట్టలు వాలే కమ్మీగా అడ్డంగా బిగించి ఉంది. అతని తాత పొలంలో ఏరి తెచ్చిందట.

"మా తాత పెట్టాడు, నేను తియ్యను" అన్నాడు కమీల్ అప్పుడు. మూడుసార్లు తిరిగాక దిగొచ్చాడు. "సరే, అచ్చం ఇలాంటిదే చేసి తే. శనివారం ఫ్రాన్స్ నుంచి పందెం, ఆలోపే వదిలి చూద్దాం. రోజాలీ నీ కమ్మీ మీద తడుముకోకుండా వాలిందా, పాతది నీది. వాలలేదా, ఇంక నా గుమ్మం తొక్కకు."

రోజాలీ అతని ఆడపావురం. పెళ్లాం పుట్టినరోజు మరిచినా దాని పుట్టినరోజు మరవడు.

మధ్యాహ్నం కమీల్ ఇంట్లో, గోడెలీవ్‌కు సాయంగా వెళ్లిన నేను నిచ్చెన పట్టుకున్నాను. కమీల్ పాత గొట్టం విప్పి చంకలో ఇరికించుకున్నాడు. గోడెలీవ్ కొత్తది బిగించింది. అతని అల్లుడు కారులో పది కిలోమీటర్లు వెళ్లి రోజాలీని వదిలాడు. వచ్చింది. రెండు చుట్లు కొట్టి, వెళ్లి పెంకుల మీద కూర్చుంది.

"నాలుగు నిమిషాలు! పందెంలో అయితే గూట్లో దూరేదాకా గడియారం ఆగదు, ఊరంతా నవ్వేది. పద, విప్పు."

"ఆగవయ్యా! ఎండ చూడు." గొట్టం అద్దంలా తళతళలాడుతోంది. ఆమె నుదురు కొట్టుకుంది. "నీకిచ్చే పని కదా అని రాత్రంతా మెరుగుపెట్టాను. ఆ మెరుపుకే పిట్ట బెదిరింది, నాదే బుద్ధి తక్కువ. నీ పొయ్యి వెలిగించు, అవిసె నూనె ఉందా?"

"పావురాలకు పెట్టేదా? ఉంది. ఎందుకు?"

గొట్టం కాల్చి నూనె గుడ్డతో తుడిచింది. గుప్పున పొగ లేచింది.

"వంటిల్లు తగలెడతావేంటి తల్లీ!"

"నీ చుట్టల కంపు కంటే నయమేలే. పట్టుకో ఆ కొస!"

మూడు పూతలకు గొట్టం పొయ్యి అడుగులా నల్లబడింది. చల్లారాక మళ్లీ బిగించింది. రోజాలీని మళ్లీ వదిలారు.

బీరులో వేసే హాప్ తీగల తోటల పైనుంచి చిన్న చుక్కలా వచ్చింది. గోడెలీవ్ నా మోచెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. చుట్టు కొట్టలేదు. తిన్నగా దిగి, చీలికల్లో గోళ్లు దిగేసి, ఒక్క అడుగులో గూట్లోకి దూరింది.

"మూడు సెకన్లు!" కమీల్ గడియారం ఎత్తి చూపించాడు. "మూడే! పాతదాని మీద కూడా ఇంత తొందరగా దిగలేదు, ముదనష్టపుది!"

"మరి ఇటియ్యి."

అప్పటిదాకా చంకలోంచి జారనివ్వని పాత గొట్టాన్ని అతను బయటికి తీశాడు. ఎండిన రెట్టను చొక్కా చేతితో తుడిచి, రెండు చేతులతో ఆమెకందించాడు. అతని ఒంటి వేడికి అది ఇంకా వెచ్చగా ఉంది.