మా అత్తమ్మ ఫ్లెక్సీ ఎక్కిన రోజు

ఇంటి ముందు ఆగిన ఆటోలోంచి మా చిన్నత్త గుండెలు బాదుకుంటూ దిగింది చూడండి, కొంప మునిగిందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఆవిడ భుజాన బారెడు బంతిపూల దండ ఉంది. జువ్వలదిన్నె నుంచి వచ్చిన ఈవిడ మా అత్తమ్మకు సొంత చెల్లెలు.

"అక్కా! ఒక్క మాటన్నా చెప్పకుండా పోయినావా!"

పెరట్లో రొయ్యలు ఒలుస్తున్న మా అత్తమ్మ రమణమ్మ తలెత్తింది. "యాడికి పోయినానే? ఈడే గదా ఉండా!"

చిన్నత్త దండతో సహా అరుగు మీద కూలబడింది. ఆ ఘోరానికి కర్తను నేనే.

మా అత్తమ్మ పెట్టే రొయ్యల పచ్చడి నోటిమాట మీదే అమ్ముడుపోయేది. ఇందుకూరుపేట సెంటర్లో ఫ్లెక్సీ కట్టిద్దామని మా ఆయన ఫోన్లో ఒక బొమ్మ చూపించారు. పాలరంగు, పూచికపుల్ల నడుము, పుట్టి బుద్ధెరిగి ఒక్క రొయ్య తోకైనా ఒలవని అమ్మాయి. చేతిలో మా పచ్చడి సీసా!

నేను ఊరుకుంటానా? కాలేజీలో ప్రకటనల్లో ఆడవాళ్ళ మీద సెమినార్ ఇచ్చినదాన్నాయె.

"చూడండీ, మా చిన్నప్పుడు టీవీలో ఆడమనిషి భర్త చొక్కా తెల్లగా వస్తే గంతులేసేది. ఇప్పుడు స్కూటర్ నడుపుతోంది, ఆఫీసు నడుపుతోంది, ఇంటికొచ్చి మళ్ళీ అదే చొక్కా ఉతుకుతోంది. పాలరంగు మాత్రం మారలేదు. పచ్చడి పెట్టేది అత్తమ్మ. ఫొటో కూడా అత్తమ్మదే ఉండాలి!"

"నా మొగం ఎవురు జూస్తారుమే? ఎండకు మాడిన మొగం" అంది అత్తమ్మ. అంటూనే కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకుంది. అది చూశాక నన్ను ఆపేవాళ్ళెవరు?

ఎంత బతిమాలినా ఆవిడ నవ్వలేదు. ఆధార్ కార్డుకి దిగినట్టే దిగింది. ఇప్పటి ప్రకటనలు నిరాడంబరంగా ఉంటాయని గొప్పకు పోయి, తెల్లటి ఫ్లెక్సీ మధ్యలో నలుపు తెలుపు ఫొటో పెట్టించాను. పచ్చడి పేరు అడుగున ఆవగింజంత అక్షరాల్లో.

"బోసిగా ఉండాదక్కా, చుట్టూతా పూలు వేసేదా?" అన్నాడు షాపతను.

"వెయ్యన్నా, అందంగా ఉంటుంది."

మీరు అప్పుడే నవ్వుతున్నారు కదూ? మీకు తట్టింది నాకు తట్టలేదు. నలుపు తెలుపు ఫొటో, చుట్టూ పూలు. మా వైపు సెంటర్లో అలాంటి ఫ్లెక్సీ లేచిందంటే ఆ మనిషి పోయినట్టే! పిల్లాడు రెండుసార్లు తుమ్మితే థర్మామీటరు వెతికే నాకు, ఆ ఒక్కదానికి మాత్రం భయం వెయ్యలేదు.

పొద్దున్నే ఫ్లెక్సీ కట్టారు. ఎవరో బస్సులోంచి ఫొటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మిక్సీ మోతలో మాకు ఫోన్లు వినపడలేదు. అది సరిపోయింది వాళ్ళకి, ఇల్లంతా ఏడుపుల్లో ఉందనుకోవడానికి. మొదట దిగింది చిన్నత్త; మధ్యాహ్నానికి గుమ్మం ముందు చెప్పుల గుట్ట.

"ఎట్ట పోయిందమ్మా మహాతల్లి?" అని ఒకాయన నా చేతులు పట్టుకున్నాడు.

"కాఫీ తాగతావా అబ్బయా?" అంది వెనకనుంచి మహాతల్లి.

ఆయన గేటు దాటి, రోడ్డు దాటి, పొలంలోకి దిగి గానీ ఆగలేదు.

నేను వంటింటి తలుపు చాటున ఏడుస్తున్నాను. వద్దన్న మనిషిని ఒప్పించి మరీ నలుగురిలో ఇంత అవమానం చేశానే!

"ఇప్పుడే తీయించేస్తాను అత్తమ్మా. మన్నించండి."

"ఎందుకు తీసేది?" అంది ఆవిడ, తాపీగా. "నా వయసు ఆడదాని మొగం సెంటర్లో ఎప్పుడన్నా జూసినావా, పోయినాక తప్ప? నేను బతికుండగానే ఎక్కినా. ఉండనీ. ఆ పూలు మాత్రం పీకిచ్చు. రంగుల్లో వేయిచ్చు. నా ఎర్రచీర కనపడాల."

"ఇంత దూరం ఏడ్చుకుంటా వచ్చినా, ఒక సీసా అన్నా ఇయ్యవా అక్కా?" అంది చిన్నత్త ముక్కు చీదుతూ. పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒక్కరూ ఉత్త చేతులతో వెళ్ళలేదు. బంతిపూల దండ వృథా కాకూడదని అత్తమ్మ దాన్ని నా మెడలో వేసింది.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, రొయ్యల గిన్నె మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. "ఇక ఈ జన్మలో బతికున్న మనిషి ఫొటో చుట్టూ పూలు వేయించను."

"నువ్వు ముసలైనాక నీ ఫొటో కూడా సెంటర్లో పెడతారా అమ్మా?" అంది నా కూతురు.

"పెట్టాలి. రంగుల్లోనే పెట్టాలి. దానికి ముందు నన్ను నాయనమ్మ దగ్గర పచ్చడి నేర్చుకోనీ."